చిత్రశాలాధ్యక్షుడు హావెల్ దొర

చిత్రశాలాధ్యక్షుడనగా తాళపుచెవులు భద్రపరచు ఉద్యోగి యని పలువురు తలతురు. ఈ. బి. హావెల్ దొర చరిత్రము చదివినవారి కా భ్రమ తొలగును.

ఈయన 1861లో ఇంగ్లండునందలి రెడింగు పట్టణమున జన్మించెను. 1884లో చెన్నపురి కళాపాఠశాలకు అధికారియై వచ్చి, ఈ రాజధానియందలి చేతిపనులవారి నైపుణ్యమును కన్నులార చూచెను. 1896లో కలకత్తా ప్రభుత్వ కళాపాఠశాలకును, దాని చిత్రశాలకును అధిపతి యయ్యెను.

ఆ చిత్రశాలలో నార్త్‌బ్రూక్ ప్రభువు కాలమునుండి చేర్చిన ఐరోపా చిత్రములుండెను. హావెల్ వానిని విక్రయింపజేసి, మొగలాయి చిత్రములు మొదలగు స్వదేశ కళాఖండములను కొనిపించెను. మనవారు సంతసించిరా? లేదు. ఉన్నతవిద్యను మనకు దూరము చేయు పన్నాగ మిదియని పత్రికలు నిందించెను. విద్యార్థులు కొందరు పాఠశాలను వీడిరి. పాలకులపై నమ్మకము లేనిచోట ఈ శంక సహజమే. జనులను ముందుగా ఒప్పించియుండిన ఇంత కలత కలుగకపోయెడిదని మా తలంపు.

అయినను ఆయన వెనుదీయలేదు. 1905లో అవనీంద్రనాథ ఠాకూరును పాఠశాలకు ఉపాధ్యక్షుని గావించెను. 1906లో అనారోగ్యముచే స్వదేశమునకు మరలి, 1934లో కాలధర్మము నొందెను. అవనీంద్రుని మార్గమే ప్రమోదకుమార చటోపాధ్యాయుని మూలమున బందరు ఆంధ్రజాతీయ కళాశాలకు వచ్చి, అడివి బాపిరాజుగారి కుంచె కందినది.

చిత్రశాలల పాలకసంఘములందు కూర్చుండు పెద్దలకు మా మనవి యొక్కటి. భవనమునకు ధనమిచ్చుట సులభము. గోడపై దేనిని నిలుపవలెనో నిర్ణయించి, ఆ నిర్ణయమునకు బాధ్యత వహించు అధ్యక్షుని వెదకి తెచ్చుటయే కష్టము. ఆ కష్టమునకు మీరు వెనుదీయరాదు.