ఫ్రాంకు జూలియన్ స్ప్రేగు

విద్యుచ్ఛక్తిచే ట్రాము బండ్లను నడిపి కీర్తిగాంచిన ఫ్రాంకు జూలియన్ స్ప్రేగు 1857వ సంవత్సరమున అమెరికాయందలి మిల్‌ఫర్డు పట్టణమున జన్మించెను. బాల్యముననే మాతృవియోగము కలుగుటచే మేనత్తయొద్ద పెరిగెను. నౌకాదళ విద్యాలయమున 1878లో పట్టము పొంది, 1883లో ఆ కొలువు మాని ఎడిసను పండితుని జేరెను. దీపములకంటె మోటారులయందే మక్కువ మెండగుటచే మరుసటి యేడే వేరుపడి సొంత కంపెనీ నెలకొల్పెను.

1887లో రిచ్‌మండు నగరమున 12 మైళ్ల మార్గమును, 40 బండ్లను 90 దినములలో సిద్ధపరతునని కరారు వ్రాసియిచ్చెను. మోటారు ఇంకను రూపొందనే లేదు. ఇది సాహసమో, తొందరపాటో మేము నిర్ణయింపజాలము. అంతలో టైఫాయిడు జ్వరము ఆయనను మంచము పట్టించెను. కోలుకొన్న పిదప నొక రాత్రి పరీక్షకై బండిని మిట్టల నెక్కింపగా మోటారు చెడి, బండి నడివీథిని నిలిచెను. జనులు మూగిరి. పరికరములు తెమ్మని సహాయకుని బంపి, దీపములార్పి, జనులు వెడలువరకు స్ప్రేగు బెంచీపై పరుండెను. వచ్చిన పరికరములు నాలుగు కంచరగాడిదలు!

ట్రాము బండి కొసకు జేరిన పిమ్మట మరలి రావలెను గదా. మోటారునకు వచ్చు రెండు తీగెలను తారుమారు చేసిన చాలునని మన విద్యార్థులు తలంతురు. ట్రాములకు తగిన సీరీసు మోటారునందు అది చెల్లదు. అయస్కాంతపు చుట్టయు, తిరుగునట్టి ఆర్మేచరును ఒకే వరుసలో నుండుటచే ప్రవాహము రెంటను ఒక్కమారే మారును. కావున భ్రమణదిశ మారదు. రెంటిలో నొకదాని కొసలను మాత్రమే మార్చవలెను. బ్రష్షులును ఇరుదిశలకు ఓర్చునవై యుండవలెను. రిచ్‌మండున ఇత్తడి బ్రష్షులు త్వరగా నరిగిపోయి వ్యయము మితిమీరెను. పిదప వచ్చిన కార్బను బ్రష్షులు ఈ చిక్కును దీర్చెను.

1888 ఫిబ్రవరి 2వ తేదీన బండ్లు నడచెను. కరారువలన ఆయనకు నష్టమే మిగిలినను, ఇతర నగరములవారు వచ్చి చూచి తామును ట్రాములు వేయించుకొనిరి. మన చెన్నపట్టణమున 1895లో విద్యుత్తు ట్రాములు మొదలై 1953 వరకు నడచినవి.

1897లో ఆయన చికాగో రైళ్లకై, ప్రతి పెట్టెకును మోటారులుంచి అన్నిటిని ఒక్క చోటినుండి నడుపు పద్ధతిని కల్పించెను. పెట్టె ఎటు తిప్పి తగిలించినను మోటారులన్నియు రైలును ఒకే దిశకు లాగవలెను. ఒక్కటి ఎదురుతిరిగినను ప్రమాదమే. తొలి ప్రదర్శనమున బాలుడగు తన కుమారునిచేతనే రైలును నడిపించెను! 1934లో న్యూయార్కున మృతినొందగా ఆర్లింగ్టను జాతీయ శ్మశానమున సమాధి చేసిరి.