సావిత్రీబాయి ఫూలే: గురువు, గృహిణి, తల్లి

పూనా నగరమున బుధవారపేటలో భిడేవాడ యను పాతకాలపు లోగిలి యుండెడిది. 1848వ సంవత్సరములో ఆ లోగిలిలో బాలికల కొక పాఠశాల వెలసెను. చదువుకొన వచ్చిన బాలికలు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. వారిచే అక్షరములు దిద్దించిన ఉపాధ్యాయినికి అప్పటికి పదునేడేండ్లు. ఆమెయే సావిత్రీబాయి ఫూలే. కందుకూరి వీరేశలింగము ధవళేశ్వరములో బాలికా పాఠశాలను నెలకొల్పినది 1874లో. దానికి ఇరువదియారేండ్లకు ముందటి మాట యిది. సావిత్రీబాయి గొప్ప ఉపాధ్యాయిని యని నేడు ఎల్లరును ఎఱుగుదురు. కాని ఆమె గృహిణిగా, తల్లిగా జీవించిన తీరు తెలిసినగాని ఆమె చెప్పిన చదువుయొక్క విలువ పూర్తిగా తెలియదు. ఆమె జీవితములో ఈ మూడును వేఱువేఱు ధర్మములు కావు.

సావిత్రీబాయి 1831వ సంవత్సరము జనవరి 3వ తేదీన సతారా జిల్లాలోని నాయగాంవ్ గ్రామములో జన్మించెను. తండ్రి ఖండోజీ నేవసే పాటిల్, తల్లి లక్ష్మీబాయి. తోటసేద్యము వృత్తిగాగల మాలీ కులము వారిది. నాటి ఆచారము ననుసరించి తొమ్మిదేండ్ల ప్రాయములో, 1840లో, పూనాకు చెందిన జ్యోతిరావు ఫూలేతో ఆమెకు వివాహము జరిగెను. వరునకు పదుమూడేండ్లు. అత్తవారింట అడుగుపెట్టునాటికి ఆమెకు చదువు రాదు. స్కాటిష్ మిషను పాఠశాలలో చదువుకొన్న జ్యోతిరావు భార్యకు ఇంటనే చదువు నేర్పెను. పసితనముననే తల్లిని కోల్పోయిన అతనిని పెంచిన సగుణాబాయి యను బంధువు కూడ ఆమెతోపాటు చదువుకొనెను. పిమ్మట సావిత్రీబాయి అహమద్‌నగరులోను పూనాలోను మిషనరీ మహిళలు నడపుచుండిన సంస్థలలో బోధనాశిక్షణ పొందెను. ఆలస్యముగా ఓనమాలు దిద్దినవారికి అక్షరము ఎంత బరువో తెలియును. ఆ బరువు మోసి చూచినందుననే కాబోలు, చదువురాని బాలికలయెడ ఆమెకు అంతటి ఓర్పు అలవడెను.

స్త్రీ చదివినచో ఇంటికి కీడనియు, శూద్రులు చదివినచో ధర్మమునకు హానియనియు లోకము నమ్మిన కాలమది. సావిత్రీబాయి బడికి నడచి పోవుచుండగా దారిలో కొందరు దుర్భాషలాడెడివారు. బురదయు పేడయు విసరెడివారు. అందుచే ఆమె మఱియొక చీర వెంట తీసికొనిపోయి, బడి చేరినపిమ్మట మలినమైన చీర విడిచి దానిని కట్టుకొని పాఠము చెప్పెడిదని చెప్పుకొందురు. ఉపాధ్యాయులు ఈ చిన్న సంగతిని తలపోయవలెను. దారిలోని అవమానపు మరక తరగతిలో కూర్చున్న బాలికల కంట బడినచో వారు బెదరిపోవుదురు. రేపు తమకును ఇదే గతియని చదువు మానుకొందురు. గడప దాటి లోనికి వచ్చునప్పటికి గురువు వస్త్రము శుభ్రముగను, ముఖము ప్రసన్నముగను ఉండవలెను.

వీథిలోని అవమానముకంటె కఠినమైన పరీక్ష ఇంటిలో ఎదురయ్యెను. జ్యోతిరావు తండ్రి గోవిందరావు దుష్టుడు కాడు, కొడుకును చదివించినవాడే. కాని లోకుల ఒత్తిడికి తాళలేక 1849లో, బడియైనను మానవలెను, ఇల్లైనను విడువవలెనని చెప్పెను. ఆ కాలములో అత్తవారింటి నీడ తప్పిపోవుట కోడలికి ఎట్టి విపత్తో ఊహింపవచ్చును. ఆమె బడి మానుకొన్నచో తప్పుపట్టువారు లేరు. పైగా మెచ్చుకొనువారే యెక్కువ. ఆమె బడిని విడువక, భర్తతోపాటు గడప దాటెను. వారికి ఆశ్రయమిచ్చినవాడు జ్యోతిరావు మిత్రుడైన ఉస్మాన్ షేక్. ఆ యింటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రీబాయికి సహోపాధ్యాయిని యయ్యెను.

1852 నాటికి ఆ దంపతుల పూనికతో పూనాలో బాలికలకు మూడు పాఠశాలలు నడచుచుండెను. అంటరానివారుగా ఎంచబడిన మహారు, మాంగు కులముల పిల్లలకును వారు బడులు తెఱచిరి. ఆ సంవత్సరమే ప్రభుత్వము సభ జరిపి జ్యోతిరావునకు శాలువ కప్పి గౌరవించెను. 1854లో సావిత్రీబాయి కావ్యఫూలే యను కవితాసంపుటమును ప్రకటించెను. అయితే గురువును శిష్యులను బట్టియే కొలువవలెను. ఆ బడిలో చదివిన ముక్తాబాయి మాంగు కులమున బుట్టిన బాలిక. 1855లో ఆమె మహారు మాంగుల దుఃఖమును గూర్చి వ్రాసిన వ్యాసము జ్ఞానోదయ పత్రికలో అచ్చయ్యెను. వేదము చదువు హక్కు తమకు లేనిచో తమ ధర్మమేదియని నిలదీసిన వ్యాసమది. తన బడిలోని బాలిక లోకమును ఇట్లు ప్రశ్నింపగలుగుటకంటె ఉపాధ్యాయినికి వేఱొక సత్కారము అక్కఱలేదు.

సావిత్రీబాయికి కడుపున బిడ్డలు కలుగలేదు. అయినను ఆ యింట పసిపిల్లల ఏడుపు వినబడుచునే యుండెను. బాల్యవివాహములు మిక్కుటమైన ఆ దినములలో పసివయసుననే వితంతువులైనవారు పెక్కుమంది. మోసపోయి గర్భవతులైనచో వారికి నూయియో, నదియో, శిశుహత్యయో తప్ప వేఱు దారి కనబడెడిది కాదు. ఇట్టివారు రహస్యముగా ప్రసవించుటకై ఫూలే దంపతులు 1863లో తమ యింటనే ఒక ఆశ్రయము నేర్పఱచిరి. పురుళ్లు పోయుట, బాలింతలకు పథ్యము పెట్టుట మొదలగు భారము సావిత్రీబాయిదే. అట్లు ఆశ్రయము పొందిన కాశీబాయి యను బ్రాహ్మణ వితంతువు కనిన మగబిడ్డను ఆ దంపతులు 1874లో దత్తత గైకొని యశ్వంతుడని పేరు పెట్టిరి. ఆ బాలుడు పెరిగి వైద్యుడయ్యెను. అంతకుముందే, 1868లో, తమ యింటి నీటితొట్టిని అంటరానివారికై వారు తెఱచియుంచిరి. 1876-77 సంవత్సరముల కఱవులో ఆకలిగొన్న పిల్లలకు అన్నము పెట్టు కేంద్రములను నడపిరి.

1890వ సంవత్సరము నవంబరు 28వ తేదీన జ్యోతిరావు మరణించెను. శవయాత్రకు ముందు నిప్పుకుండ పట్టి నడచువాడే వారసుడని ఆచారము. దత్తపుత్రునికి ఆ హక్కు లేదని బంధువులు తగవునకు దిగిరి. అప్పుడు సావిత్రీబాయి తానే ముందునకు వచ్చి కుండ చేత బట్టి నడచెను. తన చేతులతోనే చితికి నిప్పంటించెను. స్త్రీలు శ్మశానమునకు పోవుటయే నిషిద్ధమైన కాలములో అరువదేండ్లకు చేరువైన ఆ యిల్లాలు చేసిన పని యది. భర్త 1873లో స్థాపించిన సత్యశోధక సమాజపు భారమును ఆమె వహించెను. 1893లో సాస్వడ్‌లో జరిగిన సమాజ మహాసభకు ఆమెయే అధ్యక్షురాలు.

1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు మఱుసటి సంవత్సరారంభమునకు పూనాను చుట్టుముట్టెను. జనులు ఇండ్లు విడిచి పాఱిపోవుచుండిరి. సైన్యములో వైద్యుడుగా నున్న యశ్వంతుని సావిత్రీబాయి పిలిపించి, ఊరి వెలుపల ఒక చికిత్సాలయమును తెఱపించెను. రోగులను తోడ్కొని వచ్చు పని తాను చేసెను. ముంఢ్వా గ్రామపు మహారువాడలో ఒక బాలునికి ప్లేగు సోకినదని తెలిసి, అతనిని తన వీపుపై మోసికొని చికిత్సాలయమునకు చేర్చెను. ఆ రోగమే ఆమెకును సోకెను. 1897వ సంవత్సరము మార్చి 10వ తేదీన, అరువదియాఱేండ్ల ప్రాయములో, ఆమె కన్నుమూసెను.

ఆ బాలుడు ఆమెకు కన్నబిడ్డ కాడు, దత్తపుత్రుడును కాడు. అతనిని వీపున మోసినది తల్లియా, ఉపాధ్యాయినియా అని విడదీసి చెప్పుట కష్టము. భర్తవద్ద నేర్చిన అక్షరమును బడిలో పంచెను. బడిలో అలవడిన వాత్సల్యమును ఇంటిలో అనాథలకు పంచెను. ఇంటిలో అలవడిన సేవను చివరకు ఊరి వెలుపలి వరకు కొనిపోయెను.

1998లో భారత ప్రభుత్వము ఆమె పేర తపాలాబిళ్ల వెలువరించెను. 2014లో పూనా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. 2025లో తెలంగాణ ప్రభుత్వము ఆమె జన్మదినమును మహిళా ఉపాధ్యాయుల దినోత్సవముగా ప్రకటించెను. శిథిలమైన భిడేవాడను స్మారకనిర్మాణమునకై 2023లో తొలగించిరి. గోడలు పోయినను ఆ బడి పోలేదు. చదువుకొనుటకు జంకుచు గుమ్మమువద్ద నిలిచిన బాలికను చేయి పట్టి లోనికి తెచ్చు ఉపాధ్యాయిని ఏ పల్లెలో నున్నను, సావిత్రీబాయి బడి అచ్చటనే యున్నది.