పక్షుల లెక్క తీసిన సలీమ్ అలీ

జహీరాబాదు చుట్టుపట్ల నల్లరేగడి చేలలో, పొడవాటి టెలిఫోటో కటకము అమర్చిన కెమెరాతో తెల్లవారుజామున పొంచియుండువానికి నేడు పక్షి రూపము దూరమునుండియే చిక్కును. పక్షి బెదరదు, ఈక రాలదు. కాని ఆ పక్షి ఏ జాతిదో, ఈ నేలదో వలసవచ్చినదో తెలియవలెనన్నచో, ఒకనాడు తుపాకి భుజమున వేసికొని హైదరాబాదు సంస్థానమున తిరిగిన సలీమ్ అలీ కృషిని ఆశ్రయింపక తప్పదు. జహీరాబాదు అప్పుడు ఆ సంస్థానమున బీదరు జిల్లాలోనిది. మెదకు జిల్లాలో చేరినది 1956లో.

సలీమ్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరిగిరి. బాల్యమున ఎయిర్‌గన్నుతో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపుపచ్చని మచ్చ కనుపించెను. అది ఏ పిచ్చుకయో మేనమామకును తెలియలేదు. ఆయన బాలుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపగా, కార్యదర్శి మిల్లార్డు దొర బీరువాల సొరుగులు లాగి, పేర్చియుంచిన పక్షి చర్మములను చూపించిరి. వేటకు మరగిన బాలుడు ఆ సొరుగులకు కట్టుబడిపోయెను.

విశ్వవిద్యాలయ పట్టము లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వేలో ఉద్యోగము దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియమున సందర్శకులకు వివరించి చెప్పు కొలువు దొరకినది. సెలవు పెట్టి బెర్లినుకు పోయి స్ట్రెసెమాన్ పండితుని వద్ద శాస్త్రపద్ధతి నేర్చిరి. 1930లో తిరిగివచ్చునప్పటికి, డబ్బు లేదని ఆ కొలువునే తీసివేసియుండిరి. విద్య యున్నది, రాబడి లేదు. భార్య తెహ్మినాతో కిహీమ్ అను సముద్రతీర గ్రామమున ఉండి, ఆయన గిజిగాని గూళ్లను పరిశీలించిరి. మగపక్షి గూడు సగము అల్లి ఆగునని, ఆడది వచ్చి మెచ్చిన పిమ్మటనే ముగించునని, ఆపైన మరొక గూటికి పూనుకొనునని విశదపరచిరి.

ఆ రోజులలోనే సంస్థానములకు ఒక ప్రతిపాదన చేసిరి. జీతము అక్కరలేదు; గుడారములకు, ప్రయాణములకు అగు ఖర్చు భరించిన చాలును. నిజాము ప్రభుత్వము సమ్మతించెను. 1931లో హైదరాబాదు సంస్థాన పక్షుల సర్వే ఆరంభమైనది. కొంతకాలము ఇంగ్లండులో చదువుకొనిన తెహ్మినా అడవి మకాముల నిర్వహణ తనపై వేసికొనిరి. కొట్టిన పక్షిని చెడకముందే చర్మమొలిచి, విషపు సబ్బు పూసి, దూది కూరి, చోటు తేదీ వ్రాసిన చీటి కాలికి కట్టవలెను. ఆ నమూనాలను ఇంగ్లండులో విస్లరు దొర పరిశీలించిరి. ఫలితములు 1933, 1934 సంవత్సరములలో సంఘ పత్రికలో వెలువడినవి. తెహ్మినా 1939లో చిన్న శస్త్రచికిత్స అనంతరము మరణించిరి. అటుపిమ్మట ఆయన మరల వివాహమాడలేదు.

పక్షులను ప్రేమించినవాడే వాటిని కాల్చుట ఏమని విద్యార్థి అడుగును. అడుగవలసిన ప్రశ్నయే. రెక్క కొలత, లోపలి ఈకల మార్పు, ఒకే జాతిలో ప్రాంతమునుబట్టి కలుగు భేదము ఛాయాచిత్రమున దొరకవు. ఆయన ఆ పనికి సిగ్గుపడలేదు. వేడుకకై చంపుటను సమర్థింపనూలేదు.

కెమెరా బలమును ఆయనకు దగ్గరగా చూపినవారు సింగపూరు సినిమా వ్యాపారి లోక్ వాన్ థో. యుద్ధకాలమున జపానువారి దాడికి తప్పించుకొని భారతదేశము చేరిన లోక్, సలీమ్ అలీ వద్ద పక్షిశాస్త్రము నేర్చిరి. ఎత్తైన మంచెలు కట్టించి గూళ్లను చిత్రించిరి. గురువు యాత్రలకు ధనసహాయము చేసిరి. 1964లో విమాన ప్రమాదమున మరణించిరి. గూటి చెంత మకాము పక్షికి చేటని నేడు పలువురు దానిని వర్జించుచున్నారు. పొడవాటి కటకమునకు అసలైన విలువ ఆ ఎడములోనే కలదు.

తెలుగునేలకే సొంతమైన కలివికోడి 1900 తరువాత ఎవరి కంటను పడలేదు. అంతరించెనని తలచిన ఆ పక్షిని 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున సంఘ పరిశోధకులు మరల కనుగొనిరి. సలీమ్ అలీకి అప్పటికి 89 ఏండ్లు. మరుసటి సంవత్సరమే కన్నుమూసిరి. అది రాత్రించరమగుటచే, తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరచి అడుగుజాడలు వెదకిరి. మనిషి లేకయే తమంతట పనిచేయు కెమెరాలను అమర్చి ఉదయమునకై వేచియుండిరి.