రాయలు నిలిపిన గాలిగోపురం

స్వర్ణముఖీ నదీ తీరాన వెలసిన శ్రీకాళహస్తి పంచభూతలింగ క్షేత్రాలలో వాయులింగ క్షేత్రం. పూర్వం ఈ క్షేత్రానికి కాలినడకన వచ్చే యాత్రికులకు దూరం నుండే కనబడి దారి చూపినది ఏడంతస్తుల రాజగోపురం. ప్రజలు దానిని గాలిగోపురమని పిలుచుకొన్నారు. దానిని నిర్మింపజేసిన మహనీయుడు శ్రీకృష్ణదేవరాయలు. ఆయన పేరు వినగానే సాహితీ సమరాంగణ సార్వభౌముడన్న బిరుదు మనకు స్ఫురిస్తుంది. అయితే కత్తితోను, కలంతోను పాటు ఉలితో కూడ కీర్తిని నిలుపుకొన్న ప్రభువాయన.

రాయలు తుళువ వంశీయుడు. తండ్రి నరసనాయకుడు, తల్లి నాగలాంబ. అన్నయైన వీరనరసింహరాయల అనంతరం 1509లో విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించాడు. మహామంత్రి తిమ్మరుసు ఆయనకు కుడిభుజమై నిలిచాడు. రాయలు తూర్పుదిగ్విజయ యాత్ర సాగించి, గజపతుల అధీనంలోని ఉదయగిరి దుర్గాన్ని దీర్ఘకాలం ముట్టడించి వశపరచుకొన్నాడు. 1515లో కొండవీడును జయించాడు. సింహాచలం వరకు సాగి, అక్కడి స్వామికి ఆభరణాలు సమర్పించాడు. 1520లో రాయచూరు యుద్ధంలో విజయం సాధించాడు.

విజయం సాధించిన ప్రతిసారీ ఆయన దృష్టి నిర్మాణాలపైకి మళ్లేది. పట్టాభిషేక కాలంలోనే హంపీ విరూపాక్షాలయంలో రంగమంటపాన్ని కట్టించాడు. ఉదయగిరి నుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహానికి హంపీలో ఆలయం నిర్మించాడు. తిరుమల వేంకటేశ్వరుని పలుమార్లు దర్శించి అమూల్యమైన కానుకలు సమర్పించాడు. తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడి చేతులు జోడించి నిలిచిన ఆయన విగ్రహం నేటికీ ఆ ఆలయంలో ఉంది. తల్లి పేరిట నాగలాపురాన్ని వెలయించాడు. 1516లో శ్రీకాళహస్తిలో నూరుకాళ్ల మంటపాన్ని, గాలిగోపురాన్ని నిర్మింపజేశాడు.

రాయలు స్వయంగా కవి. ఆముక్తమాల్యద ఆయన రచనయే. అష్టదిగ్గజ కవులలో ఒకడుగా ప్రసిద్ధుడైన ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరుని పరమభక్తుడు. వైష్ణవ భక్తుడైన రాయలు ఈ శివక్షేత్రంలో గోపురం ఎత్తించడం ఆయన విశాల హృదయానికి నిదర్శనం.

గోపురమైనా, మంటపమైనా జనం కొరకు వెలసినదే. ఉత్సవాలు చూడవచ్చినవారు మంటపాల నీడన సేదదీరేవారు. జనసంచారం లేని కట్టడానికి శోభ లేదు. కాని జనసంచారమే ఆ కట్టడానికి ముప్పు కావచ్చు. రాయల కాలం వారికి అంతగా ఎదురుకాని ఈ చిక్కు నేడు మన ముందున్నది.

1529లో రాయలు పరమపదించాడు. 1565లో జరిగిన యుద్ధం తరువాత శత్రుసైన్యాలు రాజధానిని ధ్వంసం చేశాయి. మిగిలిన శిథిలాలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. 1986లో యునెస్కో హంపీని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. నాటినుండి దేశదేశాల సందర్శకులు వస్తూనే ఉన్నారు. విఠలాలయంలోని సప్తస్వర స్తంభాలను ప్రతివారూ వ్రేళ్లతో మీటి చూడబోవడం వలన అవి దెబ్బతినసాగాయి. అందువలన వాటిని తాకడాన్ని నిషేధించారు. రాతిరథం చక్రాలు కదలకుండ బిగించారు. 2020లో దాని చుట్టూ కంచె ఏర్పరచారు. పొగ విడిచే వాహనాలను దూరంగానే ఆపి, బ్యాటరీ బండ్లలో సందర్శకులను ఆలయం వద్దకు చేరుస్తున్నారు. ఈ విధంగా తలుపు మూయకుండానే సంపదను కాపాడే మార్గాన్ని వెదికారు.

అయినా నిబంధనలు మాత్రమే చాలవు. 2019లో హంపీలో కొందరు యువకులు ఒక ప్రాచీన స్తంభాన్ని వినోదం కొరకు త్రోసి పడవేశారు. ఆ దృశ్యం దేశమంతటా సంచలనం కలిగించింది. న్యాయస్థానం వారికి ఒక్కొక్కరికి 70 వేల రూపాయల జరిమానా విధించింది. పడిన స్తంభాన్ని తిరిగి నిలబెట్టే పనిని కూడ వారిచేతనే చేయించారు. శతాబ్దాల తరబడి ఎండకు, వానకు తట్టుకొని నిలిచిన రాయి క్షణకాలపు ఆకతాయితనానికి తట్టుకోలేకపోయింది.

శ్రీకాళహస్తి గోపురం కథ వేరు. దానిని ఎవరూ త్రోసివేయలేదు. కాలం తెచ్చిన పగుళ్లు క్రమంగా పెరిగాయి. ప్రమాదాన్ని గ్రహించి పరిసరాల నుండి జనాన్ని ఖాళీ చేయించారు. 2010 మే 26వ తేదీ రాత్రి దాదాపు అయిదు వందల సంవత్సరాల ఆ గోపురం కుప్పకూలింది. ప్రాణనష్టం తప్పినా, ఊరివారి కన్నులు చెమర్చాయి. తరతరాలుగా తలయెత్తి చూచిన చోట ఆకాశం మాత్రమే మిగిలింది. అదే స్థలంలో నూతన రాజగోపురం నిర్మించి 2017 జనవరిలో కుంభాభిషేకం జరిపారు. భక్తులకు మరల దూరం నుండే దారి కనబడుతున్నది. కాని రాయల కాలపు శిల్పుల చేతిపనిని తిరిగి తేవడం మాత్రం ఎవరి తరమూ కాదు.

హంపీ స్తంభాన్ని పడవేసినది మన చేయి. గాలిగోపురం విషయంలో కన్ను పగులును చూచింది గాని, దానిని నిలుపుకొనే వేళ మించిపోయింది. ఈ రెండు సంఘటనలు మనకు నేర్పే పాఠం ఒక్కటే. ప్రాచీన కట్టడాన్ని కాపాడడమంటే దానికి తాళం వేయడం కాదు. చూడవచ్చిన ప్రతివాడూ దానికి కావలివాడు కావడం. మన సంస్కృతీ వారసత్వాన్ని పరిరక్షించడం పౌరుని ప్రాథమిక విధి అని భారత రాజ్యాంగం నిర్దేశించింది. గోడపై పేరు చెక్కకుండడం, శిల్పాన్ని తాకకుండడం, పగులు కనబడినప్పుడు సంబంధిత అధికారులకు తెలియజేయడం విద్యార్థులు కూడ చేయగల పనులే.

రాయలు తన పేరును శాసనంలో ఒక్కచోట చెక్కించుకొన్నాడంటే, దాని వెనుక ఒక మహానిర్మాణం ఉంది. ఏమీ నిర్మింపని మనం ఆ రాతిపై మన పేరు చెక్కడం తగదు. మనకంటె ముందు తరాలవారు చూచి ఆనందించిన దానిని మన తరువాతివారికి చెక్కుచెదరకుండ అప్పగించడమే రాయలకు మనం అర్పించగల నిజమైన నివాళి.