భక్తకవి రామప్రసాదు

వంగదేశమున గంగాతీరమందు, కలకత్తాకు ఉత్తరముగా హాలిసహర్ అను ఊరు కలదు. పూర్వము దానికి కుమారహట్టమని పేరు. 18వ శతాబ్దపు తొలి దశలలో ఆ యూర ఒక వైద్యకుటుంబమున రామప్రసాదు జన్మించెను. తండ్రి రామరామసేనుడు ఆయుర్వేదవైద్యుడు, సంస్కృతము నెఱిగినవాడు. కుమారుడు కులవృత్తి నవలంబించి ఇల్లు నిలుపునని ఆయన ఆశించెను. బాలుడు సంస్కృతమును, పారసీకమును శ్రద్ధతో నేర్చెను గాని, వైద్యము నందు గాని ధనార్జన యందు గాని అతని మనస్సు నిలువలేదు. వివాహమైనచో దారికి వచ్చునని తలచి పెద్దలు సర్వాణి యను కన్యతో పెండ్లి చేసిరి. పిమ్మట కులగురువగు మాధవాచార్యుని వలన మంత్రోపదేశమైనది. నాటినుండి అతని హృదయము జగన్మాతయగు కాళిక యందే లగ్నమయ్యెను.

కొంతకాలమునకు తండ్రి గతించెను. కుటుంబభారమంతయు రామప్రసాదుపై బడెను. జపధ్యానములు ఆకలి తీర్చవు గదా! అతడు కలకత్తా చేరి ఒక సంపన్నుని ఇంట లెక్కలు వ్రాయు గుమాస్తాగా కుదిరెను. ఆ సంపన్నుడు గరాణహట్టాలోని దుర్గాచరణ మిత్రుడని ప్రసిద్ధి.

గుమాస్తా పని చిన్నదే గాని దాని యందలి భయము చిన్నది కాదు. ఆ కాలమున పెద్దయింటి చిట్టా, ఆవర్జాలే ఆ ఇంటి గౌరవము. జమకును ఖర్చుకును పొంతన కుదరకున్నను, పుట యందొక కొట్టివేత కనబడినను సంజాయిషీ చెప్పవలసినదే. యజమాని ఒక్క మాటతో కొలువు ఊడును. ఊరిలో ఎదురుచూచు ఇంట పొయ్యి వెలుగదు. ఇది ఎఱిగియు రామప్రసాదు తన్ను తాను పట్టుకొనజాలకపోయెను. అంకెలు వ్రాయుచుండగనే అతని మనస్సు అమ్మపాదముల చెంతకు పోవుచుండెను. లోపల పొంగిన పాట చేతిలోని కలమునుండి జాఱి పద్దుల నడుమనే నిలిచెడిది. నాళ్లు గడచినకొలది పుస్తకమంతయు కాళీకీర్తనలతో నిండిపోయెను.

పై యుద్యోగి కంట ఇది పడెను. అతడు మందలించెను, ఫలము లేకపోయెను. తుదకు పుస్తకమును తీసికొనిపోయి యజమాని ముందుంచెను. లెక్కల పుస్తకమున పాటలు వ్రాయుట గుమాస్తాకు తగిన పని కాదు. దండించినను అన్యాయమనుటకు వీలులేదు. రామప్రసాదునకు ఉద్వాసన తప్పదనియే తోటివారు నిశ్చయించుకొనిరి.

యజమాని పుటలు త్రిప్పెను. ఒక పాటపై ఆయన దృష్టి నిలిచెను. తన్ను ఆమె కోశాగారమునకు కాపరిగా నియమింపుమని అమ్మను వేడుకొను పాట అది. పాడుచేయబడిన కాగితమును చూడదలచినవానికి అక్కడ కాగితమే కనబడును. దుర్గాచరణునకు అది వ్రాసిన మనిషి కనబడెను. తన కొలువున నున్నవాడు నిజమునకు వేఱొక కొలువునకు చెందినవాడని ఆయన గ్రహించెను. రామప్రసాదును పిలిపించి, లెక్కలనుండి విడుదల చేసి, ఇంటికి పోయి అమ్మ పాటలే వ్రాసికొనుమని చెప్పెను. జీవనార్థము నెలకు 30 రూపాయలు పంపునట్లు ఏర్పాటు చేసెను.

తెలుగువారికి ఇచ్చట కంచెర్ల గోపన్న తలపునకు రాకమానడు. భద్రాచల రాముని గుడికి సర్కారు సొమ్ము వెచ్చించిన ఆ తహశీలుదారునకు గోలకొండ చెఱసాల ప్రాప్తించెను. వంగదేశపు గుమాస్తాకు భృతి లభించెను. ఏలికల తీర్పులు వేఱైనను, తీర్పుకై వేచిన గుండెలలోని దైవము చెక్కుచెదరలేదు.

ఇల్లు చేరిన రామప్రసాదు పంచవటి నేర్పరచుకొని తీవ్రసాధన సాగించెను. అతని పాటలు పడవవాండ్ర నోట, రైతుల నోట ప్రాకి నవద్వీప మహారాజగు కృష్ణచంద్రుని చెవి సోకెను. 1710 మొదలు 1783 వఱకు జీవించిన ఆ రాజు విద్యాపోషకుడు. భారతచంద్రుని వంటి మహాకవి ఆయన సభలో నుండెను. ఆయన రామప్రసాదును ఆస్థానమునకు ఆహ్వానించెను. రామప్రసాదు ఒప్పుకొనలేదు. ప్రభువు పిలుపును కాదనుట ఆ దినములలో సాహసమే. అయినను రాజు కినుక వహింపలేదు. పన్ను లేని భూమిని, కవిరంజన బిరుదమును ఇచ్చి గౌరవించెను. రామప్రసాదు విద్యాసుందర కావ్యమును కూడ రచించెను గాని, అతని కీర్తి నిలిపినవి అమ్మ పాటలే.

గుమాస్తాగిరి వ్యర్థము కాలేదు. అప్పు, జమ, బాకీ, కచేరీ, ఫిర్యాదు మున్నగు మాటలు అతని కీర్తనలలో భక్తిభాష యయ్యెను. సేద్యము, గాలిపటము, పాచికలాట సయితము అందు చేరెను. బిడ్డ తల్లిపై అలిగినట్లు అతడు జగన్మాతపై అలిగెను, దెప్పెను, తిరిగి ఆమె ఒడినే కోరెను. 1757లో ప్లాసీ యుద్ధమును, 1770లో ఘోరక్షామమును చూచిన వంగదేశమునకు ఈ పాటలు కన్నీరు తుడిచిన చేయివలె తోడుండెను.

1775 ప్రాంతమున, కాళీపూజ మఱునాడు, ప్రతిమను నిమజ్జనము చేయుటకై గంగలో దిగి, పాడుచునే ప్రాణము విడిచెనని ఐతిహ్యము. తరువాతి శతాబ్దమున దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు ఈ పాటలనే గానము చేయుచు భావసమాధిలో మునుగుచుండిరి. రామప్రసాదునకు దర్శనమిచ్చిన తల్లి తనకేల ఈయదని ఆయన యౌవనమున విలపించిరి.

ఏలినవారి మన్నన కోరువారు లోకమున అనేకులు. దానికై నేర్పుగా మాటలాడుదురు, ముఖము చూచి నడచుకొందురు. రామప్రసాదు ఆ పుటలను యజమాని చూడవలెనని వ్రాయలేదు. చూచునేమో యని చింపివేయనూలేదు. పరుల కంటికై సిద్ధపఱుపని మనస్సు గనుకనే అది చూచినవాని హృదయమును కరగించెను. ఇంకొక సంగతియు మఱువరాదు. తప్పు పట్టుటకు సర్వాధికారము గల చేతులు ఆ పుస్తకమును విప్పి, నింపాదిగా చదివెను. అట్లు చదువకున్నచో వంగదేశమునకు ఒక గుమాస్తా మాత్రమే మిగిలియుండునేమో!