మోక్షగుండం వారి విచారణ

ఇంటిపేరులో ఊరిని మోసుకొని పొరుగు సీమలకు తరలివచ్చిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిదీ అట్టి వంశమే. పూర్వులు తెలుగుసీమలోని మోక్షగుండం విడిచి మైసూరు సంస్థానంలో స్థిరపడ్డారు. చిన్ననాడే తండ్రి పోగా, పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగుళూరులోను, పిమ్మట పూనాలోను చదివి ఇంజనీరైనారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయినవి. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం వారిని పిలిపించింది. కూలిన పట్టణాన్ని ఎట్లు నిలబెట్టవలెనన్నది ఎవరైనా అడిగేదే. వారి విచారణ అంతటితో ఆగక నది వెంట ఎగువకు సాగింది. అంత నీరు ఎక్కడిది? ఎన్ని గంటలలో ఎంత వాన కురిసింది? పైనున్న చెరువులేమైనవి? లెక్క తీయగా 788 చెరువులలో 221 తెగినట్లు తేలింది. పై చెరువు తెగితే క్రింది చెరువు గతి ఏమవుతుందో పల్లెలెరిగిన మన పెద్దలకు చెప్పనక్కరలేదు!

కనుక ఊరిని కాపాడే పని ఊరికి పైన జరగాలి. మూసీ, ఈసీ నదులపై వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టవలెనని వారు సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి. వరదకై తలపెట్టినవే నగరానికి త్రాగునీరూ ఇచ్చినవి.

1909లోనే వారు మైసూరుకు ఛీఫ్ ఇంజనీరుగా వెళ్లారు, 1912లో దివానైనారు, నూరేళ్లు దాటి 1962 ఏప్రిల్ 14న కీర్తిశేషులైనారు. హైదరాబాదు వెళ్లే మన పిల్లలు చార్మినారుతోపాటు గండిపేట గట్టునూ చూచి రావలెనని మా కోరిక.