కీర్తిశేషులు రఘుపతి వెంకయ్య నాయుడు గారు

మన మహాసభ సంచికలయందు దాతల చరిత్రములును, న్యాయవాదుల చరిత్రములును, విద్యాధికుల చరిత్రములును పెక్కులు వెలువడినవి. చేతిపనిని నమ్ముకొని పైకి వచ్చిన వారి చరిత్రములు మాత్ర మరుదు. వెలుగునే వృత్తిగా గైకొని, దానివలననే సంపన్నులై, తుదకు దానికొఱకే సర్వస్వమును ధారపోసిన వెంకయ్య నాయుడు గారి జీవితము నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

నాయుడు గారి జన్మస్థానము మచిలీబందరు. సైన్యమున కొలువు చేసిన వంశము. ఖడ్గము పట్టవలసిన చేయి కుంచెను పట్టినది. చిన్ననాటనే వారికి చిత్రలేఖనమం దభిరుచి కలిగెను. యౌవనమున చెన్నపట్టణము చేరి, మౌంటురోడ్డున ఫోటో స్టూడియో నెలకొల్పిరి. నేడు మీట నొక్కిన వెలుగు వచ్చును. ఆ దినములలో ఫోటో తీయువానికి సూర్యుడే దీపము. ఎండ తీక్ష్ణమైనచో ముఖమున నీడలు నల్లబడును; మబ్బు పట్టినచో పటము మసకబారును. తెల్లని గుడ్డలను గట్టి యెండను మెత్తపఱచి, ఎదుటి వానిని కదలనీయక కూర్చుండబెట్టి, మొగమున కాంతి యే వైపునుండి పడవలెనో నిర్ణయింపవలెను. నాయుడు గారి విద్య యంతయు నిచటనే యారంభమైనది.

1909, 1910 సంవత్సరముల ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును గూర్చి వారు వినిరి. ఫ్రాన్సు దేశమున గోమాన్ అనువారి కంపెనీ తయారు చేసిన దది. తెరపై బొమ్మ యాడుచుండ, దానితో జత గూర్చిన గ్రామఫోను పలక పాడును. గాలి యొత్తిడిచే ఆ ధ్వని సభ యంతటికి వినబడును. దాని వెల ముప్పది వేల రూపాయలు. ఆ కాలమున ముప్పది వేలనగా నెంత సొమ్మో పెద్దలకు మేము చెప్ప నక్కఱలేదు. నాయుడు గారు నడుచుచున్న స్టూడియోను తాకట్టుపెట్టి యంత్రమును, చిన్న చిన్న ఫిలుములను తెప్పించిరి. బంధువులలో నెవరైన నిట్టి పనికి పూనినచో మన మేమందుమో చదువరులే యూహింతురు గాక.

మొదట విక్టోరియా పబ్లికు హాలున ప్రదర్శనము లిచ్చిరి. పిదప గుడారముతో బెంగుళూరు, బెజవాడలను, సముద్రము దాటి సింహళమును, బర్మాను తిరిగిరి. ఈ యాత్ర యెంత క్లేశకరమో మా తీరవాసులకు దెలియును. మైపాడు, కోట ప్రాంతములకు మా బాల్యమున టూరింగు టాకీసులు వచ్చుచుండెను. రెండు కార్బను పుల్లల మొనలను చేరువకు దెచ్చి విద్యుత్తును ప్రవహింపజేయ, నడుమ తెల్లని జ్వాల పుట్టును. పుల్లలు క్షణక్షణము తరిగిపోవును గనుక ఆపరేటరు వాని యెడమును సరిదిద్దుచు నుండవలెను. ఏమఱినచో తెర చీకటియగును, జనము కేకలు వేయును. నాయుడు గారి కాలమున నీ కష్టమునకు తోడు మఱియొక భయము. నాటి ఫిలుము నిప్పు సోకిన క్షణమున భగ్గుమను జాతిది. అట్టి వస్తువును మండు దీపముచెంత త్రిప్పుటయే నాటి వినోదము!

తిరిగివచ్చి మౌంటురోడ్డున గెయిటీ థియేటరును గట్టించిరి. మదరాసు నగరమున భారతీయుడు కట్టించిన మొదటి సినిమా హాలు అదియే యని ప్రసిద్ధి. తరువాత మింటు వీధిలో క్రౌను, పురసవాకమున గ్లోబు అను హాళ్లు వెలసినవి. ఇక్కడితో నాగినచో నాయుడు గారు లక్షాధికారిగా జీవితము గడిపియుందురు. కాని యితరుల బొమ్మలు చూపుటతో వారికి తృప్తి కలుగలేదు.

కుమారుడు సూర్యప్రకాశు నింగ్లండునకు బంపి, బార్కరు స్టూడియోలో చిత్రనిర్మాణమును నేర్పించిరి. ప్రకాశు గారు జర్మనీ, అమెరికాలను సయితము దర్శించి వచ్చిరి. అంతట తండ్రికొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను కంపెనీని స్థాపించి, పురసవాకమున గాజు గోడల స్టూడియోను నిర్మించిరి. గాజు ద్వారా పగటి వెలుగు లోనికి వచ్చును. తెరలను లాగి దానిని తగ్గింతురు, హెచ్చింతురు. ఫోటోశాలలో మొగమునకు జేసిన యుపచారమునే యిచట రంగస్థల మంతటికిని జేసిరి. 1921లో తీసిన భీష్మప్రతిజ్ఞ యను మూగచిత్రమున ప్రకాశు గారే భీష్ముడు. గంగ పాత్రమును పెగ్గీ కాస్టెల్లో యను దొరసాని ధరించెను. ఆనాడు మన స్త్రీలు తెరపైకి వచ్చుట కంగీకరింపకుండిరి. పిమ్మట తెలుగు చిత్రములకు పెద్దదిక్కైన సి. పుల్లయ్య గారు పని నేర్చినదియు నీ కంపెనీయందే.

చిత్రములు వచ్చినవి గాని సొమ్ము నిలువలేదు. అప్పులు పెరిగినవి, కట్టించిన హాళ్లు చేజారినవి. దీనికి కుమారుని దుబారాయే కారణమని కొందఱు తేలికగా దేల్చుదురు. మా యభిప్రాయ మది కాదు. విదేశపు ఫిలుములు రాశులుగా వచ్చుచుండ, దేశీయుడొక్కడు స్వంతధనముతో చిత్రము తీసి నిలద్రొక్కుకొనుట నాడు దుస్సాధ్యము. వెనుక నిలిచి పెట్టుబడి పెట్టగల వర్తకుడు వారికి లభింపలేదు.

ఈ సందర్భమున పోషకుల కొక మనవి. మన విద్యార్థి వేతనములు వైద్యమునకును, ఇంజనీరు చదువునకును బోవుచున్నవి, అది యుక్తమే. కాని సంగీతకచ్చేరీలలో, టెలివిజనులో రంగుదీపముల నమర్చుచు జీవించు పిల్లలు మా నెల్లూరు తీర గ్రామములనుండియు వెళ్లియున్నారు. ఆ పని నేర్పు పాఠశాలల రుసుములు సామాన్యుల కందనివి. అట్టి వారి దరఖాస్తును కమిటీవారు చదువు కాదని త్రోసివేయకుందురు గాక.

నాయుడు గారు 1941వ సంవత్సరము మార్చి 15వ తేదీన దివంగతులైరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వారి పేర నొక పురస్కారమును నెలకొల్పి, 1980వ సంవత్సరమునకు ఎల్. వి. ప్రసాద్ గారికి మొదట నొసంగెను. మౌంటురోడ్డున గెయిటీ హాలు ఇప్పుడు లేదు. దానిని పడగొట్టి, ఆ స్థలమున అంగళ్ల భవనమును గట్టిరి.